పురుగులు దిగిపోయిన కొమ్మ

నాన్న మా ఇద్దరు అక్కాచెల్లెళ్లకు వదిలిన ఆస్తి ఒక్కటే, పాత చెట్ల తోపు. ఆ చెట్ల ఆకు మీద అడవి పట్టుపురుగులను పెంచి, గూళ్లను పట్టుదారం తీసేవాళ్లకు అమ్ముతాను. చెట్టు నాకు గిడ్డంగి, పురుగు పనివాడు, గూడు సరుకు. నా లెక్క అంతే.

చెల్లెలి మొగుడు, మా మరిది లెక్క వేరు.

"వదినా, మా సగం చెట్లు కలపకు అమ్మేస్తాం. వాటి చోట ఈ కొత్త మొక్క వేస్తే ఏడాది తిరక్కుండా ఆకే ఆకు. ఆకలేస్తే పురుగు ఏదైనా తింటుంది."

"అది నీలాంటిది కాదయ్యా, పెట్టిందల్లా తినడానికి."

చెల్లెలు నవ్వు ఆపుకుంది. సగం తోపు దానిది. ఆ సగం కొట్టేస్తే మిగిలినదాంతో నా పురుగులకు కడుపు నిండదు, వ్యాపారం మూసుకోవాల్సిందే. చివరికి చెల్లెలే తీర్పు చెప్పింది: పురుగులు కొత్త ఆకు తింటే చెట్లు కొట్టాలి, తినకపోతే రంపం వెనక్కి పోవాలి.

మర్నాడు కలప వ్యాపారి లారీతో దిగాడు. రేకుల పాకలో బల్ల మీద, నీళ్ల సీసాల్లో మరిది కొత్త కొమ్మలు నిలబెట్టి ఉంచాడు. తోపులోంచి దించిన పురుగులను వాటి మీద వదిలాం. బిలబిలా పాకి ఆకు కొరకసాగాయి. మరిది మీసం దువ్వాడు. వ్యాపారి రంపానికి చుట్టిన గోనె విప్పించాడు.

నమ్మలేక దగ్గరికి వెళ్లాను. కొమ్మ మీదకు వంగి చూస్తే, వచ్చేది మా తోపు వాసన! ఆకు ముట్టుకుంటే వేలికి పసరు అంటింది. మరిది గోళ్లన్నీ పచ్చగా ఉన్నాయి.

"పాత ఆకు నూరి పూశావా?"

"పూస్తే ఏం? తింటున్నాయిగా!"

"అక్కా, ఇది మోసం. ఆపేద్దాం" అంది చెల్లెలు.

"ఆపొద్దు. కానివ్వు" అని వ్యాపారికి కుర్చీ వేశాను.

ప్రతి చెట్టూ తన ఆకులో తనదైన మందు కలుపుకుంటుంది. మా చెట్ల వగరు వేరే పురుగులను తరిమేస్తుంది, వీటిని మాత్రం పిలుస్తుంది. పూసిన పసరు పిలవగలదు, మొదటి కాటు వేయించగలదు. మింగించాల్సింది మాత్రం ఆకు లోపలి సారమే. బోర్డు చూసి బట్టల కొట్టెక్కినవాళ్లు గుడ్డ పట్టి చూసి మెట్లు దిగిపోవడం నేను చూడనిదా?

ఎండ బల్ల మీదకు వచ్చేసరికి కొరుకుడు ఆగింది. పురుగులు సీసాల మెడల మీదుగా దిగి, బల్ల అంచున తలలాడిస్తూ వెతుక్కుంటున్నాయి. మరిది ఒకదాన్ని పట్టి ఆకు మీద పెట్టాడు. దిగింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ దిగింది.

"తినవే!"

"కాళ్లు పట్టుకో మరిదీ, వాటికి చాలానే ఉన్నాయి."

వ్యాపారి చెల్లెలి వైపు తిరిగాడు. "పురుగుల మాటకేం లేమ్మా. రేటు పెంచుతాను."

"మీ రంపానికి గోనె చుట్టుకోండి" అంది చెల్లెలు. తర్వాత మొగుణ్ని చూసింది. "మీరు చేతులు కడుక్కుని వీటిని చెట్టెక్కించండి. పస్తున్నాయి."

లారీ తోపు ముందు వెనక్కి తిరిగేలోపే, పాత కొమ్మ మీద మొదటి పురుగు ఆకు అంచు పట్టింది. చెట్టు మీద నుంచే మరిది గొణిగాడు.

"ఇంకో రకం మొక్క ఉందంట, వదినా."

"తెచ్చుకో. వ్యాపారికి వేసిన కుర్చీ తీయను, అక్కడే ఉంచుతాను."