ఎడమ చివరి స్పీకరు

మా గోడ అవతల బజ్జీల బండి పెట్టుకున్న నూకాలు వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేదట: "ఆ లోపల చీకటి గదుంది కదా, అందులో కోతుల్ని కూకోబెట్టి కళ్ళు పీకి అమ్మీసుకుంటన్నారు" అని. కోతుల ఆలనాపాలనా చూసే తవిటమ్మ ఆ మాట లోపలికి మోసుకొచ్చి, పంజరం కడుగుతూ పడీ పడీ నవ్వింది. కళ్ళు పీకడం అబద్ధం. గదంతా ఆ కళ్ళ కోసమే అన్నది మాత్రం నిజం.

నేను ఒక చిన్న స్పీకర్ని. అరచేతిలో ఇమిడేంత. కాగితపు డిప్ప, దాని వెనక అయస్కాంతం, రాగితీగ చుట్ట, అంతే నా ఒళ్ళు. నాతోపాటు ఒకే బల్ల మీద పుట్టినవాళ్ళు ఆటోల్లో చేరి, సినిమా పాటలు పాడుకుంటూ లోకం చూశారు. నన్ను మాత్రం గొంతు శుభ్రంగా ఉందని విశాఖపట్నంలో కొండవాలున ఉన్న ఒక పరిశోధనశాలకు కొన్నారు. మంచి గొంతుకి మంచి పాటే దొరుకుతుందనుకున్నాను. జీవితమంతా నా చేత అనిపించింది ఒక్కటే మాట: "టిక్".

గదిలో నల్లగుడ్డ వెనక, అర్ధచంద్రాకారంగా నన్నూ నాలాంటి మరికొన్ని స్పీకర్లనీ బిగించారు. నాది ఎడమ చివర. మధ్యలో కుర్చీ, కుర్చీలో గుంటడు. వాళ్ళ లెక్కలో వాడు ఏడో నంబరు కోతి. గుంటడన్నది తవిటమ్మ పెట్టుకున్న పేరు. వాడి ఎదురుగా చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. అది ఆరగానే మాలో ఎవరో ఒకరం టిక్కుమంటాం. చప్పుడు ఎటునుంచి వచ్చిందో గుంటడు అటు కళ్ళు తిప్పాలి. కళ్ళు మాత్రమే. చూపు సరిగ్గా వచ్చిందని కెమెరా కనిపెడితే, నోటి దగ్గరి గొట్టంలోంచి బత్తాయి రసం చుక్క పడుతుంది. మెడ కదిలితే చుక్క లేదు. మొదట్లో తలకు పట్టీ వేసేవారు. వాడు గింజుకునేవాడు. తవిటమ్మ వీపు నిమురుతూ, "కదలకురా నాయినా, కదిల్తే రసం రాదురా" అని బతిమాలేది. కొన్నాళ్ళకి పట్టీ అవసరమే లేకపోయింది.

ఇదంతా చేయించే డాక్టర్ సుభద్రగారు చెడ్డమనిషి కాదు. ఒక చెవి పనిచేయని పిల్లలకు, రోడ్డు దాటుతుంటే లారీ ఎటునుంచి వస్తోందో తెలిసేలా ఒక పరికరం చేయాలని ఆవిడ తపన. నాకు మాత్రం మనుషుల్ని చూస్తే నవ్వొచ్చేది. తలుపు కిర్రుమంటే చాలు, ఆవిడతో సహా అందరూ మెడలు గిరుక్కున తిప్పేవారు. కదలనిది గుంటడొక్కడే.

చివరికి పని పూర్తయింది. పనైపోయిన జంతువుకు సూదివేసి నిద్రపుచ్చి, తల కోసి చూడటం అక్కడి పద్ధతి. ఆ సంగతి తెలిసిన తవిటమ్మ డాక్టరుగారి గుమ్మంలో చతికిలబడింది.

"ఆడి సాకిరీ అయిపోనాది కదమ్మా. ఒగ్గీయండి. సెట్టూ సేమా సూసుకుని బతుకుతాడు."

సుభద్రగారు పైవాళ్ళతో పోట్లాడి, అడవి అంచునున్న జంతువుల ఆశ్రయానికి వాణ్ణి పంపించారు. తవిటమ్మ కూడా కొలువు మానుకుని అక్కడే పనికి కుదిరింది.

అక్కడ చింతచెట్టు కింద, మిగతా కోతుల మధ్య, గుంటడు కుర్చీలో కూర్చున్నట్టే కూర్చునేవాడట. వెనకనుంచి ఏ కోతైనా కిచకిచమంటే కళ్ళు ఆ మూలకు జరిగేవి. మెడ తిరిగేది కాదు. నోరు కాస్త తెరిచి చుక్క కోసం ఎదురుచూసేవాడు. పిల్లకోతులు సైతం వెనకగా వచ్చి తోక లాగి పోయేవి.

తవిటమ్మ ఊరుకోలేకపోయింది. పరిశోధనశాలకొచ్చి, పాతసామాన్ల గుట్టలోంచి నన్ను ఏరుకుంది. "దీని గొంతు ఆడికి తెల్సు" అంది. బ్యాటరీ తగిలించి, వాడి వెనకపక్క కంచెకు కట్టి టిక్కుమనిపించేది. నా పక్కనే నిలబడి జామపండు చూపించేది. "తిరగరా నాయినా. ఇప్పుడు కదలొచ్చురా. ఎవులూ ఏటీ అనరు." కళ్ళు వచ్చేవి. మెడ వచ్చేది కాదు. ఒకనాడు కొంచెం తిరిగాడు. తవిటమ్మ కేకపెట్టి, పండంతా వాడి చేతిలో పెట్టేసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. మెడ మీద ఈగ వాలిందేమోనని నా అనుమానం. చెప్పడానికి నాకు టిక్ తప్ప మాటేది?

బ్యాటరీ అయిపోయి నేను ఊరికే వేలాడుతున్న ఒక పొద్దున, కంచె తెగిన చోటునుంచి ఊరకుక్కలు దూరాయి. ఆ మొరుగుడుకు నా డిప్ప అదిరింది. కోతులన్నీ ఒక్క గెంతులో చెట్టెక్కేశాయి. గుంటడు ఎక్కలేదు. చీపురుకర్ర పట్టుకుని తవిటమ్మ అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చేసరికే అంతా అయిపోయింది.

మధ్యాహ్నానికి సుభద్రగారు వచ్చారు. తవిటమ్మ తన పాతచీర కప్పి వాణ్ణి చెట్టుకింద పడుకోబెట్టింది. ఆశ్రయం మేనేజరు కంచె గురించి ఏదో సంజాయిషీ చెబుతున్నాడు. ఆవిడ వినలేదు. చీర కొద్దిగా తొలగించి చూసి, అలాగే నేలమీద కూర్చుండిపోయారు.

"మొరుగుడు వినపడలేదా వీడికి? బంగారంలాంటి చెవులు తవిటమ్మా. నేనే కదా పరీక్షించింది. ఎందుకు వినపడలేదు?"

తవిటమ్మ చీర మళ్ళీ ముఖం మీదికి లాగింది.

"ఇనబడిందమ్మా. కళ్ళు అటేపే ఉన్నాయి."