నేల తాకిన చెత్త

మా రేవు పట్నంలో చెత్త నేలను తాకకూడదు. సాయంత్రం బండి పాట వినబడగానే సంచులు చేత పట్టుకుని కొండమెట్లు దిగుతాం, వానలో గొడుగుల కింద బారుగా నిలబడతాం, బండి ఆగగానే దాని వెనక నోట్లోకి విసురుతాం. సంచిని రోడ్డు మీద పెట్టినవాడికి జరిమానా. పిల్లలు మాటలు నేర్చే వయసులోనే ఈ నియమం కూడా నేర్చుకుంటారు.

నా కళ్ల ముందు ఆ నియమం తప్పిన మొదటి మనిషి జిన్‌లుంగ్. ఆ బండి వెనక వేలాడుతూ వచ్చే పనివాడు, మా సందులోనే కాపురం. నా దుకాణం మెట్ల కింద ఉంది. పాడైన ఫోన్లు, ఫ్యాన్లు, కంప్యూటర్లు కొని, విప్పి, రాగి ఒక పక్కా సర్క్యూట్ పలకలు ఒక పక్కా పేర్చి అమ్ముకుంటాను. కాబట్టి ఆ సాయంత్రం నేను చూసింది దూరం నుంచి కాదు.

బండి లోపలి ఇనుప తలుపు సంచుల్ని అదుముతోంది. బుస్సుమని తెల్లటి పొగ లేచింది. ఆ వాసన నా వ్యాపారంలో తెలిసిన వాసనే, ఉబ్బిన బ్యాటరీ చిట్లిన వాసన. నేను దుకాణం దిగేలోపే మంట బయటికొచ్చింది. పక్కనే నూడుల్స్ కొట్టు, దాని గోడకి ఆనించి గ్యాస్ సిలిండర్లు. డ్రైవరు బండ్లు నడిపే కాంట్రాక్టు కంపెనీకి ఫోన్ చేశాడు. మేనేజరు ఫాంగ్ గొంతు సందంతా వినబడింది.

"రోడ్డు మీద మాత్రం పొయ్యొద్దు. అలాగే సముద్రం గోడ దాకా తోలుకుపో."

"వెనక మనిషున్నాడండీ."

"ఉంటే గట్టిగా పట్టుకోమను."

జిన్‌లుంగ్ పట్టుకోలేదు. బండిలోది కింద పోసే మీట లాగాడు. కాలుతున్న సరుకు మధ్యలో ఇరుక్కుంది. రెండు చేతులూ లోపలికి పెట్టి దాన్ని బయటికి లాగాడు. మండుతున్న చెత్త మా సందు నేల మీద కుప్పగా పడింది. నూడుల్స్ కొట్టు మిగిలింది, సిలిండర్లు మిగిలాయి, కంపెనీ బండి కూడా మిగిలింది. జిన్‌లుంగ్‌కి మోచేతుల దాకా చర్మం మిగల్లేదు.

ఆస్పత్రికి ఫాంగ్ వచ్చాడు. "లోపలికొస్తా పళ్లబుట్ట ఇచ్చాడు, బయటికెళ్తా ఉద్యోగం తీశాడు" అని జిన్‌లుంగ్ భార్య సియుయిన్ నాతో చెప్పింది. కారణం ఏమిటంటే, జిన్‌లుంగ్ చెత్తను రోడ్డు మీద పోశాడు. నియమం తప్పాడు.

ఇక లెక్క చెబుతాను. పోయిన చలికాలం దాకా మా సందుకి రెండు బండ్లు వచ్చేవి. మొదటిది సంచులకి. వెనక వచ్చేదాంట్లో సీసాలకో పెట్టె, పాత సామానుకో పెట్టె, బ్యాటరీలకి ఒక ఎర్ర పెట్టె. కాంట్రాక్టరు ఆ రెండో బండి ఆపేశాడు. డ్రైవరు జీతం, కూలీల జీతం, డీజిలు ఖర్చు అతనికి మిగిలాయి. వ్యాపారినే కాబట్టి నాకు ఆ ఎత్తు అర్థమవుతుంది. రాగికి కొనేవాడున్నాడు. ఉబ్బిన బ్యాటరీకి కొనేవాడు లేడు, ఎవరో ఖర్చు పెట్టుకుని దాన్ని భద్రంగా వదిలించుకోవాలి. ఆ ఖర్చు మోసేది రెండో బండి. బండి ఆగితే ఖర్చు ఆగిపోదు, ఇంకొకరి పద్దులోకి మారుతుంది. ఈసారి జిన్‌లుంగ్ చేతుల మీద పడింది.

మలుపు దగ్గర పగలూ రాత్రీ తెరిచుండే కొట్టులో చిన్న బ్యాటరీలు వేసే డబ్బా ఉంది. ఉబ్బిన దాన్ని తీసుకెళితే కొట్టు పిల్ల వెనక్కి జరుగుతుంది. "అక్కా, ఇది నాకు భయం, బండికిచ్చుకోండి" అంటుంది. ఆ బండి రాదు. అప్పుడు ఇంట్లో ఏం చేస్తారు? ప్లాస్టిక్ చుట్టి, వంటింటి చెత్త మధ్యలో దోపి, ముడేస్తారు. మా సందంతా ఆ పనే చేసింది.

ఫాంగ్‌కి అది తెలుసు. కొండమెట్ల దగ్గర ఒక కాగితం అంటించాడు. పనివాణ్ని కాల్చింది ఈ సందువాళ్ల నిర్లక్ష్యమే, ఆ సంచి ఎవరిదో తేలేదాకా ఇక్కడి ప్రతి సంచీ విప్పి చూస్తాం అని. మర్నాటి నుంచి ఒకరి సంచి వైపు ఒకరు చూడడం మొదలైంది.

తర్వాత నా దుకాణానికి వచ్చాడు.

"షావుకారుగారూ, మీరూ మేమూ వ్యాపారస్తులం. ఈ కొండ మీది పాత ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ మీకే వచ్చేట్టు చూస్తాను. లోపలి బ్యాటరీలు పీకి మామూలు సంచిలో వేసెయ్యండి. ఎవరు చూస్తారు?"

"బండి వెనక నిలబడేవాడు చూస్తాడు" అన్నాను.

నేను దానకర్ణుణ్నేం కాదు. ఈ సందు నాకు సరుకిస్తుంది, ఈ సందే నా దగ్గర కొంటుంది. కాంట్రాక్టరు ఇవాళ ఇచ్చింది రేపు ఇంకొకడికి ఇస్తాడు. లాభమెటో చూసుకునే సందు పక్కన నిలబడ్డాను.

ఆ కాగితం సంగతి తేల్చుకోడానికి సందువాళ్ల సమావేశం నా దుకాణంలోనే జరిగింది. మొదట అది తగాదా. టాక్సీ నడిపే త్సాయ్ అందరికన్నా గట్టిగా మాట్లాడాడు.

"లియావ్ అవ్వా, నీ నడుం నొప్పి మిషన్ ఏమైంది? అందులో బ్యాటరీ ఉబ్బిందని నువ్వే అన్నావుగా."

"మంచం కింద ఉంది. వచ్చి చూసుకో, పనిలో పని ఇల్లు కూడా ఊడ్చిపో" అంది అవ్వ. "మరి నీ టాక్సీలో ఫోన్ ఛార్జింగుకి తగిలించే ఆ బ్యాటరీ ఇటుక ఏదీ?"

"టాక్సీలోనే ఉంది."

"ఆడి మాటలకేం గానీ, పై అంతస్తు విద్యార్థులుంటారు చూడు..." అని ఇంకెవరో అందుకున్నారు.

సియుయిన్ ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉంది. గొడుగు ముడవకుండానే మాట్లాడింది.

"ఎవరిదని నేనడిగానా? నేనూ వేశాను. ఎర్ర పెట్టె పోయాక ఇంట్లో పాడైన బ్యాటరీలన్నీ సంచిలోనే వేశాను, మా ఆయన ఆ బండి మీదే ఉంటాడని తెలిసి కూడా. ఆ సంచి నాదే అయ్యుండచ్చు. నన్ను కాగితం మీదికి ఎక్కిస్తే రెండో బండి వస్తుందా?"

అవ్వ తన స్టూలు ఆమె వైపు జరిపింది.

"ఏం చేద్దామంటావే?" అంది అవ్వ.

"ఆయన ఏ తప్పు చేశాడన్నారో ఆ తప్పే అందరం చేద్దాం. నేల మీద పెడదాం."

అవ్వ ముఖం చిట్లించింది. "చెత్తనా? కింద పెట్టాలంటే నా చేతులు రావే."

వంటింటి సంచులు కాదు, బ్యాటరీలూ వాటితో నడిచే చచ్చిన సామానూ మాత్రమే పెడదామని నిర్ణయించాం. నా దగ్గర టేపుంది, ఖాళీ బిస్కట్ డబ్బాలున్నాయి. బ్యాటరీల కొసలకి టేపు చుట్టించి, డబ్బాలో పొడి ఇసుక పోయించి, మూత బిగించి పంపాను. మనం చేసింది నిర్లక్ష్యమని రేపు ఫాంగ్ అనకూడదు. రెండో బండి రావాలి, జిన్‌లుంగ్ ఉద్యోగం రావాలి. అడిగేవి ఆ రెండే.

మర్నాడు సాయంత్రం పాట వినబడింది. వెనక కొత్త పనివాడు, ముందు పాత డ్రైవరే. రెయిన్‌కోటులో ఫాంగ్, పక్కన ఒక పోలీసు. సంచులు విప్పి చూడడానికి వచ్చారు. బండి ఆగింది. సంచి ఒక్కటీ లేవలేదు.

సియుయిన్ బండికి అడ్డంగా నడిచి, డబ్బాని రోడ్డు మీద పెట్టి, పక్కన కూర్చుంది.

"తియ్యమ్మా, నేలను తాకింది" అన్నాడు ఫాంగ్.

"పట్టుకోడానికి మా ఇంట్లో రెండు చేతులు తగ్గాయి. అందుకే కింద పెట్టాను."

పోలీసు వంగి, "అమ్మా, లేవండి. బండికి అడ్డం కూర్చుంటే తీసుకెళ్లాల్సి వస్తుంది" అన్నాడు. ఆమె లేవలేదు.

లియావ్ అవ్వ వచ్చింది. డబ్బాతో సహా వంగింది, ఆగింది, మళ్లీ వంగింది. ఎన్నో ఏళ్ల అలవాటు ఆ చేతుల్ని వెనక్కి లాగుతోంది. చివరికి పెట్టి మూత తీసి చూపింది. "నడుం మిషనే. బ్యాటరీ ఇదిగో. చూడరా త్సాయ్."

త్సాయ్ తన డబ్బాతో వచ్చాడు. సియుయిన్ ముందు గొంతుక్కూచుని మూత తీశాడు. అడుగున ఇసుక తప్ప ఏమీ లేదు.

"అక్కా, నా డబ్బా ఖాళీ. ఇటుక టాక్సీలో లేదు. ఆ రోజే సంచిలో వేశాను."

ఫాంగ్ ముఖంలో వెలుగొచ్చింది. "విన్నారుగా. దొరికాడు. ఇంక లేవండి అందరూ."

సియుయిన్ ఆ డబ్బాలోకి చూసింది. అంతసేపు ఒక డబ్బాలోకి చూసిన మనిషిని నేనెరగను. ఆమె చెయ్యి లేచింది, కొడుతుందనుకున్నాను. మూత తీసుకుని డబ్బాకి పెట్టి, తన డబ్బా పక్కకి జరిపింది.

"కూర్చో" అంది.

త్సాయ్ కూర్చున్నాడు. ఏడుస్తూనే కూర్చున్నాడు. పోలీసు ఇద్దరినీ రెక్క పట్టుకుని లేపి జీపెక్కించాడు. వాళ్లు లేచిన చోట అవ్వ కూర్చుంది. అవ్వ పక్కన పై అంతస్తు విద్యార్థులు, నూడుల్స్ కొట్టు ఆవిడ. నేనూ దుకాణం రేకు దించి వెళ్లి కూర్చున్నాను. మా ముందు రోడ్డంతా డబ్బాలు, వాటి మూతల మీద వాన.

పాట మాత్రం మోగుతూనే ఉంది. డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని మా వైపు చూస్తున్నాడు. వెనక మనిషున్నాడని ఆ రోజు ఫోన్‌లో చెప్పింది ఇతనే. చెయ్యి చాచి పాట ఆపేశాడు, తాళం చెవి తీసి ఫాంగ్ చేతిలో పెట్టాడు, వచ్చి మా వెనక కూర్చున్నాడు.

ఆ నిశ్శబ్దంలో కొండకి అవతల సందులో మోగుతున్న బండి పాట వినబడింది. కాసేపటికి అదీ, ఇక్కడి పాటలాగే, మధ్యలో ఆగిపోయింది. ఆ సందువాళ్లకి మేమెవరమూ ఏమీ చెప్పలేదు.