గొడుగు రికార్డులో ఫ్లూటు

సౌండ్ ఇంజనీర్లలో ఆయన్ని అందరూ పాముచెవులాయన అనేవాళ్ళు. మొహం మీదా అనేవాళ్ళు, చాటునా అనేవాళ్ళు. ఆయనకి ఆ పేరంటే లోలోపల మహా ముచ్చట. దుమ్ము పట్టిన పాత టేపుల్ని బయటికి తీసి, వాటి మీది గరగరలూ బురబురలూ తుడిచి, కొత్త రికార్డుగా మళ్ళీ విడుదల చెయ్యడానికి సిద్ధం చెయ్యడం ఆయన పని. దాన్నే రీమాస్టర్ చెయ్యడం అంటారు. పక్కగదిలో ట్యూబులైటు జుయ్యిమంటుంటే ఇక్కడ పని ఆపి, లేచి వెళ్ళి దాన్ని ఆర్పి వచ్చిన మనిషి. అలాంటి కథలు ఆయన మీద బోలెడు ఉన్నాయి. సగం ఆయన పుట్టించినవేనని గిట్టనివాళ్ళు అనేవాళ్ళు. మిగతా సగం నిజమని వాళ్ళూ ఒప్పుకునేవాళ్ళు.

ఆయనకొక పట్టుదల ఉండేది. పని మొదలుపెట్టే ముందు కంప్యూటరు తెర మీద నీలం గళ్ళ తువ్వాలు కప్పేవాడు. ఏ శబ్దం ఎంత మోతాదులో ఉందో గీతలు గీసి చూపించే తెర అది. ఈ కాలం వాళ్ళు ఆ గీతలు చూడందే ఒక్క నాబ్ కూడా తిప్పరు. ఈయనకి ఆ పద్ధతంటే ఒళ్ళుమంట. "కళ్ళు చెవులకి చాడీలు చెబుతాయి. నాకు చాడీలు అక్కర్లేదు," అనేవాడు. ఆయన మేనకోడలు ఆయన దగ్గరే పని నేర్చుకుని రికార్డు కంపెనీలో ఉద్యోగంలో చేరింది. ఆమె మాత్రం తెర మీద ఏమీ కప్పదు. ఆ సంగతి మావయ్యకి చెప్పే ధైర్యం ఆమెకి ఎప్పుడూ లేకపోయింది.

అలాంటి మనిషి చేతికి గొడుగు రికార్డు వచ్చింది.

దానికి అసలు పేరు వేరే ఉంది గానీ ఎవరికీ పట్టలేదు. అట్ట మీద వానలో తలకిందులుగా పెట్టిన గొడుగు బొమ్మ ఉంటుంది కాబట్టి అది గొడుగు రికార్డు. పాటంటే మూడు నిమిషాల్లో అయిపోవాలనుకునే రోజుల్లో ఐదుగురు కుర్రాళ్ళు కలిసి, రికార్డు రెండో వైపంతా ఒకే పాట వాయించి పారేశారు. ఏడేసి దెబ్బల తాళం, కొండ విరిగి పడుతున్నట్టు ఆర్గాన్ హోరు, ఆ హోరు ఉన్నట్టుండి ఆగిపోతే ఒంటరిగా ఒక ఫ్లూటు. ప్రోగ్రెసివ్ రాక్ అన్న మాట అప్పటికింకా జనం నోట నలగలేదు. తలా తోకా లేని సంగీతం అన్నారు. ఆ తలా తోకా లేని సంగీతాన్ని ఆయన పందొమ్మిదేళ్ళ వయసులో ఒక రికార్డుల కొట్లో నిలబడి విన్నాడు. ఫ్లూటు దగ్గరికి వచ్చేసరికి, వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం వినపడింది. వెనక డ్రమ్ముల కుర్రాడు ఇత్తడి పళ్ళెం మీద బ్రష్షుతో మెల్లగా రుద్దడం వినపడింది. బతికితే ఇలాంటి శబ్దాల మధ్యే బతకాలనుకున్నాడు. అలాగే బతికాడు.

"ఇదొక్కటీ చేసి మానేస్తాను," అన్నాడు భార్యతో.

"మీరు మానేస్తానంటే నేను నమ్మాలి," అంది ఆవిడ.

టేపు మొదటిసారి వినగానే ఆయనకి దిగులేసింది. అంతా కంబళి కప్పినట్టుంది. ఆర్గాన్ ఉంది, డ్రమ్ములున్నాయి, ఫ్లూటు మాత్రం గోడ అవతల ఎవరో మూలుగుతున్నట్టుంది. టేపు పాడైపోయిందని తీర్మానించుకున్నాడు. పాడైనదాన్ని బాగుచెయ్యడమే కదా తన విద్య. తువ్వాలు సర్ది, పైస్థాయి శబ్దాలు పెంచే నాబ్ పట్టుకున్నాడు. కాస్త తిప్పాడు, చాల్లేదు. ఇంకాస్త తిప్పాడు. వారాల తరబడి అదే పని. ఒక మధ్యాహ్నం, భోజనానికి రమ్మని భార్య రెండుసార్లు ఫోన్ చేశాక, ఆ కొట్లో నిలబడి విన్న ఊపిరి మళ్ళీ వినపడింది. పళ్ళెం మీద బ్రష్షు వినపడింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కంపెనీ వాళ్ళకి ఆయన మాటంటే మాటే. అయినా పద్ధతి ప్రకారం ఆ ఐదుగురిలో బతికున్న ఒకే ఒక్క మనిషిని పిలిపించారు. ఆయనే ఫ్లూటు వాయించిన పెద్దాయన. ఎనభై దాటి, కర్ర పట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. స్పీకర్ల ముందు కూర్చోబెట్టి వెళ్ళిపోయారు. ఆర్గాన్ ఆగింది. ఫ్లూటు మొదలైంది. పెద్దాయన కర్ర వదిలేశాడు, అది దభీమని కింద పడింది.

"ఇన్నేళ్ళకి నేను వాయించింది నేను విన్నానయ్యా," అన్నాడు. "ఈ మధ్య ఏది పెట్టుకున్నా నా ఫ్లూటు సరిగ్గా వినపడదు. పాత రికార్డు అరిగిపోయిందనుకున్నాను."

"అరగలేదండీ. అప్పట్లోనే సరిగ్గా చెయ్యలేదు," అన్నాడు పాముచెవులాయన గర్వంగా.

ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఆ గదిలో మూడోమనిషి ఉన్నా బాగుండేది. లేరు. రికార్డు విడుదలైంది.

వారం తిరక్కుండానే తిట్లు మొదలయ్యాయి. చెవుల్లో సూదులు గుచ్చినట్టుందని ఒకరు, ఫ్లూటు మొదలవగానే మా కుక్క మంచం కింద దూరిందని ఇంకొకరు. ఇదేదో కొత్త రకం శిక్షలా ఉందని ఒక పత్రిక రాసింది. ఆయన నవ్వేశాడు. ఈ కాలం పిల్లల చెవులు హెడ్‌ఫోన్లతో చెడిపోయాయన్నాడు. మేనకోడలు అత్తయ్యని వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చింది. వచ్చి, కూర్చోకుండా నిలబడింది.

"మావయ్యా, ఒకసారి తువ్వాలు తీస్తాను," అంది.

"దేనికీ?"

ఆమె జవాబు చెప్పకుండా తీసేసింది. తెర మీద గీత ఎడమ నుంచి బుద్ధిగా నడిచి వచ్చి, కుడివైపు చివరికి, పైస్థాయి శబ్దాలుండే చోటికి వచ్చేసరికి, ఏ అడ్డూ లేకుండా పైకి లేచిపోయింది. అలాంటి గీత ఏ శిష్యుడు గీసినా ఆయన చెంప పగలగొట్టేవాడు.

"ఇది యంత్రం తప్పు," అన్నాడు.

"సరే. ఇప్పుడు ఒక్కొక్క శబ్దం వినిపిస్తాను. వినపడినంతసేపూ చెయ్యెత్తి ఉంచు."

కింది స్థాయి నుంచి మొదలుపెట్టి ఈల లాంటి శబ్దాన్ని పైకి తీసుకెళ్ళింది. ఆయన చెయ్యెత్తి కూర్చున్నాడు, బళ్ళో పిల్లాడిలా. కొంతసేపటికి శబ్దం ఆగిపోయింది. చెయ్యి దించి, "ఊఁ, తరవాతేంటి?" అన్నాడు. ఆమె మొహం చిట్లించి, ఒక చెవి భుజానికి ఆనించి, ఇంకా నాబ్ తిప్పుతూనే ఉంది. గుమ్మంలో టీ పట్టుకొచ్చిన భార్య ట్రే కింద పెట్టి, రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది.

గది నిశ్శబ్దంగా ఉంది. ఆయనకి.

"చాలు, ఆపు," అన్నాడు.

ఇంట్లో అడుగు పెట్టగానే భార్య మీద విరుచుకుపడ్డాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"కెటిల్ మాడిన రోజు నుంచి. మీరు పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. అది ఈలలు వేసి వేసి మాడిపోయింది. నేను పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాను."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నావు? చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పమంటారు? కాళ్ళు పోయాయని చెప్పమంటే చెబుతాను, కళ్ళు పోయాయని చెప్పమంటే చెబుతాను. మీతో మీ చెవులు పోయాయని ఏ నోటితో చెప్పను?" అని ఆవిడ ఏడ్చేసింది.

ఆయనకి కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. అది ఉన్నా బాగుండేది, పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. చావు కబురు విన్నవాడిలా కూర్చుండిపోయాడు. పోయింది మనిషైతే నలుగురూ వచ్చి ఓదారుస్తారు. దీనికి ఎవరొస్తారు, వచ్చి ఏమంటారు?

కంపెనీ ఆ రికార్డులన్నీ వెనక్కి తెప్పించుకుని పారేసింది. ఆయన దగ్గర ఒక్కటి మిగిలింది. పనిని మళ్ళీ మొదటి నుంచి మేనకోడలికి అప్పజెప్పారు. ఆమె మూడు నెలలు కష్టపడి చేసి, కొత్త రికార్డు తనే తీసుకొచ్చి మావయ్య చేతిలో పెట్టి, నిలబడితే ఏడుపొస్తుందేమోనని పని ఉందంటూ వెళ్ళిపోయింది. తిట్టినవాళ్ళే ఈసారి మెచ్చుకున్నారు. ఇన్నాళ్ళకి గొడుగు కింద వాన ఆగిందని అదే పత్రిక రాసింది.

ఆయన దాన్ని పెట్టుకుని కూర్చున్నాడు. భార్యని కూడా పక్కన కూర్చోమన్నాడు. ఆవిడకి ఆ సంగీతం కొరుకుడు పడదు. అయినా కూర్చుంది. ఆర్గాన్ హోరెత్తింది, డ్రమ్ములు మోగాయి, అన్నీ ఆగిపోయాయి. ఆయన ఎదురుచూశాడు. ఏమీ లేదు. ఖాళీ గదిలో గాలి ఆడుతున్నట్టు ఏదో ఉందా లేదా అన్నంత. భార్య మాత్రం తల పక్కకి వంచి, ఒక వేలు పైకెత్తి పట్టుకుంది. ఆ వేలు అలాగే ఉంది, ఉంది, ఆర్గాన్ మళ్ళీ అందుకునేదాకా.

"ఏం వినపడింది?" అని అడిగాడు.

"ఫ్లూటు. పైకి ఎక్కుతూ పోయింది. మధ్యమధ్యలో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు, పరిగెత్తుకొచ్చినవాళ్ళలా."

"అంతేనా?"

"వెనకాల చీపురుతో ఊడుస్తున్నట్టు ఏదో ఉంది."

మేనకోడలు ఏదీ పోగొట్టలేదు. అన్నీ ఉన్నాయి. ఆయనే లేడు అక్కడ.

ఆ మర్నాడే పెద్దాయన ఫోన్ చేశాడు.

"కొత్త రికార్డు పంపారయ్యా. చూశావా వీళ్ళ ఘనకార్యం? నన్ను తీసేశారు! చచ్చిపోయిన నలుగురూ ఉన్నారు, బతికున్న నన్ను తీసేశారు. ఎవరో ఆడపిల్లట, చేసింది. నేనామెకి ఏం అపకారం చేశాను? నువ్వు చేసింది నీ దగ్గరుందా? పట్టుకురా. పత్రికల వాళ్ళని పిలుస్తాను. తేడా ఏంటో లోకానికి తెలియాలి."

వస్తానని మాత్రం అని పాముచెవులాయన ఫోన్ పెట్టేశాడు.

పెద్దాయన ఇంట్లో ముందుగది చిన్నది. కోడలు తలుపు తీసి, కూర్చోమని, మంచినీళ్ళిచ్చింది. వరండాలో ఆమె పాప ఏదో బొమ్మతో ఆడుకుంటోంది. పాముచెవులాయన తను చేసిన రికార్డు పెట్టి, ముల్లు దించాడు. ఫ్లూటు వచ్చింది. పెద్దాయన మొహం వెలిగిపోయింది.

"ఇదిగో! ఇక్కడున్నాను! ఉన్నానా లేదా, నువ్వే చెప్పు!"

కోడలు వచ్చి తలుపు మెల్లగా మూసింది. తరవాత కిటికీలు మూసింది. పెద్దాయన ఆ చప్పుడు వినలేదు. ఆయన వేళ్ళు మోకాలి మీద ఆడుతున్నాయి. ఈ ముసలాయన్ని ఇలా వదిలేసి వెళ్ళిపోతే ఏం పోతుంది అనుకున్నాడు పాముచెవులాయన. కానీ పత్రికల వాళ్ళొస్తారు. ఏ పాపం తెలియని మేనకోడలు నలుగురి నోళ్ళలో పడుతుంది. పెద్దాయన నవ్వులపాలవుతాడు.

"కొత్తదాంట్లో కూడా మీరున్నారండీ," అన్నాడు.

"లేను. పదిసార్లు విన్నాను."

"ఉన్నారు."

"నువ్వు విన్నావా?"

"లేదు."

"మరి?"

"మా ఆవిడ వింది."

పెద్దాయన వేళ్ళు ఆగిపోయాయి. మూసిన కిటికీ అద్దంలోంచి వరండాలోకి చూశాడు. అక్కడ కోడలు పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పాప రెండు చెవుల మీద తన అరచేతులు పెట్టి కూర్చుని ఉంది.

"ఆపెయ్," అన్నాడు పెద్దాయన.

పాముచెవులాయన ముల్లు ఎత్తేశాడు.

"ఆ రోజు స్టూడియోలో మనమిద్దరం... ఇలాంటిదా వింది?"

"ఇదేనండీ."

"అయ్యయ్యో," అన్నాడు పెద్దాయన. వానలో తడిసిన మనిషిలా కుర్చీలో ముడుచుకుపోయాడు. కాసేపటికి, "కొత్తది పెట్టు," అన్నాడు.

పెట్టాడు. ఆర్గాన్ వచ్చింది, చచ్చిపోయిన నలుగురూ ఒక్కొక్కరే వచ్చారు, వాయించారు, ఆగిపోయారు. గది నిశ్శబ్దమైపోయింది. పాముచెవులాయన భార్య చేసినట్టే ఒక వేలు పైకెత్తాడు, ఇప్పుడు మీరు వాయిస్తున్నారు అన్నట్టు. పెద్దాయన చూసి, పెదాలు బిగించి, మోకాలి మీద వేళ్ళు కదపడం మొదలుపెట్టాడు. రికార్డు తిరుగుతోంది. ముల్లు నడుస్తోంది.

"ఎలా వాయించాను?" అని అడిగాడు పెద్దాయన.

ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడమే పాముచెవులాయన బతుకంతా చేసిన పని. ఈసారి వేలు అలాగే ఎత్తి పట్టుకుని తల తిప్పాడు. తలుపు తెరిచి ఉంది. కోడలు పాపని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి వింటోంది. ముసలాళ్ళిద్దరూ ఆమె మొహంలోకి చూస్తూ కూర్చున్నారు.