తడవని జుట్టు

తెల్లవారి మేకల దొడ్డి ఊడ్చి, తొట్టి నింపి, తనుజ స్నానానికి కూర్చుంది. తల్లి అంజనమ్మ చెంబుడు వేణ్ణీళ్ళు కూతురి నెత్తిన పోసింది. నీళ్ళు చేమాకు మీద పడ్డట్టు జారి బండ మీదికి పోయాయి. జుట్టు పొడిగానే ఉంది. నాలుగు రోజులుగా ఇదే వరస.

తనుజ తండ్రి చిక్కప్ప ఇంటికి ఇది కొత్తేమీ కాదు. మనసు ఒప్పకపోతే ఆ ఇంటివాళ్ళను నీళ్ళు తడపవు. అవ్వ పదమూడేళ్ళకే ఆ ఇంటి కోడలై, పదకొండు వానాకాలాలు పొడి చీరతోనే తిరిగింది. ఒకరోజు బావి దగ్గర తల తడిసింది. "సర్దుకుంది" అని ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. అంజనమ్మకు తడవడానికి ఏడేళ్ళు పట్టింది.

"నేను తడవలేదా? నువ్వూ తడుస్తావులే" అంటూ అంజనమ్మ ఆ జుట్టుకు నూనె పట్టించింది. చూసేవాళ్ళకు తలంటు పోసుకున్నట్టు కనబడాలని ఆమె పాట్లు.

"సోమవారం చేరకపోతే సీటు పోతాదమ్మా."

"మీ నాయన మాట ఇచ్చేసినాడు. దినకరన్ నా తమ్ముడే గదా, పరాయోడా? నిన్ను కళ్ళల్లో పెట్టుకుంటాడు."

"మామ మంచోడని నాకూ తెలుసు. నాకు చదువు కావాల."

"గట్టిగా అనొద్దు. మీ నాయన వింటాడు."

పశువైద్యం డిప్లొమాకు తనుజ తనే అప్లికేషన్ పెట్టుకుంది. ఓసూరులో సీటు వచ్చింది. వచ్చిన వారానికే మేనమామతో పెళ్ళి ఖాయం చేశారు. ఆ ఇంటి ఆడవాళ్ళ నోట 'మీ ఇష్టం' అనే మాట రోజుకు పదిసార్లు వినబడేది. ఎవరైనా 'నా ఇష్టం' అంటే దానికి 'తిమురు' అని పేరు పెట్టేవాళ్ళు. పొగరుకు ఆ ఊళ్ళో మాట అదే.

పది గంటలకు అందరూ చేని గట్టున మునియప్ప రాయి దగ్గర చేరారు. ముందు సామికి మేకపోతు, తర్వాత తాంబూలాలు. పదిన్నర దాటితే మంచి గడియ పోతుంది. ఆ మేకపోతును తల్లి చనిపోతే సీసాపాలు పట్టి పెంచింది తనుజే. పసుపునీళ్ళు చల్లితే అది ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే ఒప్పుకున్నట్టు. అంతదాకా కత్తి ఎత్తకూడదు.

చిక్కప్ప మొదటి చెంబు పోశాడు. మేకపోతు నెమరేస్తూ నిలబడింది. రెండో చెంబు పోశాడు. నీళ్ళు వీపు మీద నుంచి జారిపోయాయి, ఒక్క వెంట్రుకా తడవలేదు. తనుజ చూపు దాని మీదే ఉంది. అది ఒక్కసారి విదిలిస్తే దాని తలా తన చదువూ కలిసే పోతాయి.

"పట్టి ఊపితే సరి" అన్నాడు పక్కింటి తిమ్మరాయన్, గడియారం చూసుకుంటూ.

"తప్పు! బలవంతం చేస్తే సామి ఒప్పడు. దాని మనసు అదే చెప్పాల." చిక్కప్ప మూడో చెంబు పోసి, చేతులు జోడించాడు. "మా వల్ల ఏం తప్పు జరిగింది నాయనా? ఏం కావాల నీకు? చెప్పు."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి తనుజకు ఒళ్ళు మండిపోయింది.

"నాయనా! మేకను మూడుతూర్లు అడిగినావే. నన్ను ఒక్కతూరి అడిగినావా?"

దినకరన్ అక్క వైపు తిరిగాడు. "పిల్లకు సమ్మతమే అంటివే అక్కా?"

అంజనమ్మ తల దించుకుంది.

దినకరన్ బావ చేతిలోంచి చెంబు తీసుకుని నీళ్ళు నింపాడు. "తల వంచమ్మా" అని తనుజ మీద నిండా కుమ్మరించాడు. తల, ఓణీ, పాదాలు అన్నీ పొడిగానే ఉన్నాయి. కింద మట్టి మాత్రం బురదయింది.

"నీకేం కావాల, చెప్పు."

"పెళ్ళి వద్దు మామా. ఓసూరు పోయి చదువుకుంటాను." తనుజ తల ఎత్తింది. "ఇది నా ఇష్టం."

"తిమురు..." అని చిక్కప్ప ముందుకు వచ్చాడు. నూరిన కత్తి రాయి పక్కనే ఉంది. కూతుర్ని చూశాడు, మేకపోతును చూశాడు. ఇద్దరూ పొడిగానే ఉన్నారు. 'బలవంతం చేస్తే సామి ఒప్పడు' అని అందరి ముందూ అన్నది తనే. వంగి కత్తిని తీసి గుడ్డలో చుట్టేశాడు.

"మేకపోతును విప్పండి" అన్నాడు ఎవరి ముఖమూ చూడకుండా.

అవ్వ తన తెల్లజుట్టు తడుముకుంది. "నన్నూ ఒక్కతూరి అడిగింటే..." అని ఊరుకుంది.

సోమవారం మారండహళ్ళి బస్టాండులో వాన పట్టుకుంది. తనుజ జడ, ఓణీ, చంకలో సంచీ అన్నీ నిలువునా తడిసి ముద్దయ్యాయి. అంజనమ్మ అలవాటుగా కొంగు ఎత్తి కూతురి తల తుడవబోయింది. చెయ్యి సగంలో ఆగింది. "జలుబు చేస్తే మాత్తర వేసుకో" అని మాత్రం అంది.

ఓసూరు బస్సు వచ్చింది. తనుజ నీళ్ళు కారుతూనే ఎక్కింది.