సుంకులమ్మ పేరు పెట్టిన పాట

"ఈ పాట నిన్ను జైల్లో పెట్టిస్తాది నాయనా," అంది గిడ్డమ్మ. అప్పటికింకా ఆ పాట ఎవరూ పాడనే లేదు.

వెనకటి కరువులో ఎవరో ఆడమనిషి ఊరిపెద్ద జొన్న పాతర తవ్వి, గింజలు జనానికి పంచి, పోలీసులకు చిక్కకుండా పోయిందట. గిడ్డమ్మ కొడుకు ఓబులేసు ఆమెను గుర్రమెక్కించి చెక్కభజన పాట కట్టాడు. కట్టినవాడి పేరు చివరి చరణంలో చెప్పడం ఆనవాయితీ. గిడ్డమ్మ భయమంతా ఆ చరణంతోనే.

"నీ పేరు తీసెయ్."

"తీస్తే తాళం తప్పుతాది మా."

"మీ అవ్వ పేరు పెట్టు. గడప దాటని ముసలామెను ఎవురు పట్టుకపోతారు?"

సుంకులమ్మ పేరు తాళానికి సరిపోయింది. మూలన వేరుశనక్కాయలు ఒలుస్తున్న సుంకులమ్మ, కోడలి మాట విని ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది.

ఏడాది తిరక్కుండా పాట కమలాపురం దాకా పోయింది. అది విని అక్కడెవరో నిజంగానే పాతర తవ్వారు. మర్నాడు హెడ్డు కానిస్టేబులు వచ్చి గిడ్డమ్మ ఇంట్లో మంచం మీద కూర్చున్నాడు.

"ఈ ముసలామె పాట కట్టిందంటే నేను నమ్మాల్నా? ఆ కతంతా ఈమెకెట్ల తెలుసు? కట్టినోడెవుడో చెప్పండి. లేకుంటే పిల్లోణ్ణి తీసుకపోతా."

గిడ్డమ్మ కొడుక్కి అడ్డంగా నిలబడింది. మూలన కాయలు ఒలిచే చప్పుడు ఆగింది.

"తవ్విందాన్ని నేనే, నాకు తెలీక ఇంకెవురికి తెలుస్తాదప్పా," అంది సుంకులమ్మ. "గుర్రం మాత్రం పాడేటోళ్లు చేర్చినారు. నేను పోయింది గాడిద మీద."