పొగమంచుకి రెండు పసుపు దీపాలు

కన్నం పడిపోయింది, ఇక చేసేదేమీ లేదు, ఇనప రజను నా చెప్పుల మీద మెరుస్తోంది, డ్రిల్లు ఆపేసినా చెయ్యి ఇంకా జివ్వుమంటూనే ఉంది, ముప్పై ఏళ్ళుగా మామయ్య తన చేతుల్లో ఒక్క గీత పడనివ్వని కారు ముందు బంపరుకి కోడల్ని నేను కన్నం పెట్టాను, ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు, ఆ గోడమీద చూడటానికి ఏమీ లేదు, అయిపోయిందా అమ్మాయ్ అంటున్నారు, ఒకటి అయిపోయింది మామయ్యా, ఇంకొకటుంది, అయితే ఇంకాసేపు గోడనే చూస్తాలే కానివ్వు, నాకు నవ్వాగటం లేదు, పదిహేడేళ్ళుగా ఆవులకీ గేదెలకీ సూదులు పొడిచిన చెయ్యి ఇది, ఇనుముకి కన్నం పెట్టడం ఇంత బాగుంటుందని ఒక్కరూ చెప్పలేదే, మళ్ళీ మీట నొక్కాను, ఆ గుర్రుమనే చప్పుడుకి వంటింటి కిటికీలో మావారి తల కనబడింది, కొత్త కారు కొనుక్కుంటే ఆ లైట్లు వాళ్ళే బిగించి ఇస్తారుగా, ఈ ముసలిదాన్ని ఎందుకు హింసపెడతావు అంటున్నారు, ముసలిదెవరు అని మామయ్య అందుకున్నారు, మొన్న చెక్‌పోస్టు దగ్గర బురదలో నీ స్నేహితుడి కొత్త కారు కూరుకుపోతే లాగింది ఇదే కదా, తల లోపలికెళ్ళిపోయింది.

పొద్దుటినుంచి లైట్లొచ్చిన అట్టపెట్టె మూడుసార్లు తెరిచి చూసుకున్నాను, చిన్నపిల్లలా, రెండు గుండ్రటి దీపాలు, గుడ్డు పచ్చసొన రంగు అద్దాలు, తెల్ల వెలుగు మంచుకి కొట్టుకుని మన కళ్ళలోకే తిరిగొస్తుంది, ఈ పసుపు కిందుగా బిగిస్తే మంచు అడుగునుంచి దూరి రోడ్డు అంచు చూపిస్తుందని మామయ్య మాట, ముప్పై నాలుగేళ్ళు కరెంటు స్తంభాలెక్కి తీగలు ముడేసిన మనిషి, ఇప్పుడు టీ గ్లాసు కూడా ఆ చేతుల్లో నిలకడగా ఉండదు, అందుకే నోరు ఆయనది, చేతులు నావి, బ్యాటరీ తీగ ముందు విప్పు, విప్పాను, దానికి దగ్గర్లోనే ఫ్యూజు పెట్టు, పెట్టాను, మరి ఈ నల్ల డబ్బీ ఏమిటి మామయ్యా, దాన్ని రిలే అంటారమ్మాయ్, స్విచ్చు సన్నటి ప్రాణి, లైట్ల బరువు మొయ్యలేదు, పెత్తనం స్విచ్చుది, చాకిరీ రిలేది, అచ్చం మనింట్లోలాగా అని కిటికీవైపు చూశారు, వినపడింది నాన్నా అని లోపల్నుంచి మావారు, ముగ్గురం నవ్వుకున్నాం, అలా నవ్వుకుని ఎన్నాళ్ళయింది, ఏడాది అయిందా, అయ్యే ఉంటుంది.

ఏడాదే, ఆ రోజు తెల్లవారుజామున ఫోను మోగింది, కొండమీద ఆవులు పెట్టుకున్నావిడ, ఆవులావిడ అనే అంటాం అందరం, డాక్టరమ్మా దూడ అడ్డం తిరిగినట్టుంది త్వరగా రండి అని, నేను బయల్దేరాను, మూడో మలుపులో మంచు గోడలా అడ్డం నిలిచింది, నా తెల్ల లైట్లు దానిమీద పడి పాలు ఒలికినట్టయింది, రోడ్డెక్కడో గుంటెక్కడో, కారు పక్కకి ఒరిగి గుంటలోకి జారింది, నాకు దెబ్బ తగల్లేదు, కానీ గంటన్నర ఆ గుంటలోనే, ఎవరో ట్రాక్టరుతో వచ్చి లాగి, నేను పైకెళ్ళేసరికి తల్లీ దక్కలేదు దూడా దక్కలేదు, ఆవులావిడ బురద చేతులు తుడుచుకోమని తువ్వాలిచ్చింది, తిట్టినా బాగుండేది, అప్పట్నుంచీ చీకటి వదలకముందు ఫోను మోగితే ఎవరో చూసుకుని గానీ ఎత్తటం లేదు, మా పశువైద్య శాఖ పెద్దాఫీసులో కుర్చీ ఖాళీ ఉంది, కాగితాలు చూసుకునే పని, సోమవారంలోగా ఔనో కాదో చెప్పమన్నారు, ఒప్పుకో అంటారు మావారు, ఆయన తప్పేం లేదు, ఆ రోజు గుంట దగ్గరికి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చిన మనిషి, నేనూ ఒప్పుకుందామనే అనుకున్నాను, అయినా ఈ లైట్లు తెప్పించాను.

వేలు గీరుకుంది, పోనీ, బోల్టులు బిగిసిపోయాయి, బ్యాటరీ తీగ మళ్ళీ తగిలించాను, అద్దం కింద చిన్న స్విచ్చు, నొక్కుతున్నా మామయ్యా, నొక్కు, టిక్కుమంది రిలే, కుడి దీపం భగ్గుమని వెలిగింది, ఎడమది వెలగలేదు, ఛ, మళ్ళీ నొక్కాను, కుడిదే, దీపమే చచ్చిందా, కొత్తది ఎలా చస్తుంది, తీగ పట్టి లాగి చూశాను, గట్టిగానే ఉంది, కోపంతో బంపరుని ఒక్క తన్ను తందామనిపించింది, మామయ్య వంగి చూస్తున్నారు, ఎర్త్, అదే కరెంటు తిరిగెళ్ళే తీగ, ఎక్కడ బిగించావ్, ఇదిగో ఈ బోల్టు కింద, ఆ బోల్టు చుట్టూ ఏముంది, రంగుంది, రంగులోంచి కరెంటు ఎలా పోతుందమ్మాయ్, కింద ఇనుము కనబడేదాకా గీకు, నేను గరుకు కాగితం పట్టుకుని ఆగిపోయాను, ఆ రంగు ఆయన స్వయంగా వేసుకున్నది, నా పెళ్ళికి ముందెప్పుడో, మూడు పూతలు, నా మొహం చూసి ఆయనకి అర్థమైపోయింది, వేసినవాణ్ణి నేనే చెబుతున్నాగా, గీకు, ఈసారి గోడవైపు తిరగలేదు, నేను గీకుతుంటే కళ్ళప్పగించి చూశారు, నీలం పోయి తెల్లటి లోహం తేలింది, బిగించాను, టిక్కు, రెండూ, రెండూ వెలిగాయి, ఎదురు గోడమీద రెండు పసుపు చారలు, కాస్త కిందికి వంచు, ఎదురొచ్చేవాడి కళ్ళలో కొట్టకూడదు, వంచాను, అంతే, చాలు, ఆయన వణికే చేతులు కలిపి చప్పట్లు కొట్టారు, నేను ఈలేశాను, ఈ వయసులో ఈల.

అప్పుడే ఫోను, ఇంకా సాయంత్రమే, కొండమీంచి మంచు మాత్రం అప్పుడే దిగుతోంది, ఎవరో చూడకుండానే తీశాను, డాక్టరమ్మా, ఆవులావిడ గొంతు, ఒక కాలే బయటికొచ్చింది, రెండోది రావటం లేదు, వస్తున్నా, ఆవుని లేపి నిలబెట్టి ఉంచండి, లాగకండి, వస్తున్నానని అంటూనే సంచి కోసం పరిగెత్తాను, మావారు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు, మంచు చూశావా అని, చూశాను, నా నల్లబడ్డ చేతులు చూశారు, నా మొహం చూశారు, మెల్లగా పక్కకి జరిగారు, చేరగానే ఫోన్ చెయ్యి అన్నారు, చూస్తే మామయ్య ముందు సీట్లో కూర్చుని ఉన్నారు, మీరెక్కడికి, నేను పెట్టించిన లైట్లు నేను చూడొద్దా, పోనీయ్ బండి.

మొదటి మలుపు, రెండోది, మంచు కమ్ముకుంది, తెల్లవి ఆపి పసుపువి వేశాను, అబ్బ, రోడ్డు అంచున గడ్డిపరకలు విడివిడిగా, గులకరాళ్ళు, పక్కన గుంట మొదలయ్యే గీత కత్తితో కోసినట్టు, దూరంగా ఏమీ కనబడటం లేదు, దగ్గరంతా కనబడుతోంది, ఎడమ అంచు దొరికిందా అమ్మాయ్ అని మామయ్య, దొరికింది మామయ్యా, కుడిదీ దొరికింది, ఇద్దరం పిచ్చివాళ్ళలా అరుచుకుంటున్నాం, మూడో మలుపు, యాక్సిలరేటరు మీద కాలు తేలిక చేశాను, నెమ్మదిగా, నెమ్మదిగా, దాటేశాం, కొండమీద పాక, గుమ్మంలో ఆవులావిడ, ఏడాది కిందట నా ఆలస్యానికి ఆవుని పోగొట్టుకున్న మనిషి మళ్ళీ నన్నే పిలిచింది, రండమ్మా, నిలబెట్టే ఉంచాం, ఆవు వీపుమీద చెమట ఆవిరి, నేను చొక్కా చేతులు పైకి మడిచి, నూనె రాసుకుని, భుజందాకా చెయ్యి లోపలికి, వేడి, ఇరుకు, ఇదిగో కాలు, ఇదిగో తల, రెండో కాలు మోకాలి దగ్గర వెనక్కి మడతపడింది, ఆవు ముక్కింది, నా చెయ్యి నలిగిపోతోంది, ఆగమ్మా, ఆగు తల్లీ, తలని కాస్త వెనక్కి నెట్టి, గిట్టని అరచేతిలో దాచుకుని తల్లికి గీరుకోకుండా ముందుకి తిప్పాలి, అంతకుముందు బతికుందో లేదో చూడాలి, వేళ్ళు తడుముకుంటూ నోరు దొరికింది, చిటికెన వేలు లోపలికి పెట్టాను, ఏమీ లేదు, ఏమీ లేదు, ఉన్నట్టుండి మెత్తటి నాలుక నా వేలిని చుట్టేసి చప్పరించింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి, బతికుందమ్మా అని గట్టిగా అరిచాను, బతికే ఉంది, ఆవులావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఇంకా పుట్టని ప్రాణి ఒకటి చీకట్లో నా వేలు పట్టుకుని ఆకలంటోంది, ఈ వేళ్ళని తీసుకెళ్ళి కాగితాల మధ్య పెట్టలేను, సోమవారం దాకా ఆగక్కర్లేదు, నేను ఎక్కడికీ వెళ్ళటం లేదు.