మూత మోసిన తల

నేను ఒక కప్పు మూతను. కప్పును కాదు, దాని మూతను. ఈ సంగతి మొదటే చెప్పేస్తే మంచిది. ఫొటోలకు కప్పును ఎత్తిపట్టుకునే మహానుభావులు నన్ను ఏ బల్ల మీదో పడేసి పోతుంటారు. అలా ఒక పక్కన పడి ఉండి మనుషులను చూసీ చూసీ నాకొక గుణం పట్టుకుంది. ఎవరినీ నమ్మను.

ఒళ్లు ఇత్తడి, పైన వెండి పూత. పట్టుకోవడానికి నడినెత్తిన బంతి ఆకారంలో ఒక పిడి. ఆ పిడిని బిగించిన మర నా లోపలివైపు అరంగుళం పొడుచుకొచ్చి ఉండేది. నన్ను చేసిన పనివాడు, మూత లోపల ఎవడు చూడొచ్చాడులే అని దాన్ని కోయకుండా వదిలేశాడు. వెండి కూడా ఒప్పుకున్నంత వేయలేదని నా అనుమానం.

డెబ్బై మూడులో దక్కన్ కప్పు ఫుట్‌బాల్ ఫైనల్లో ముషీరాబాద్ బ్లూస్‌ను ఓడించి మమ్మల్ని గెలుచుకున్నది లష్కర్ రోవర్స్. లష్కరంటే సికింద్రాబాదే. మరుసటి ఏడాది నుంచి ఆ పోటీలే ఆగిపోయాయి కాబట్టి కప్పూ నేనూ రోవర్స్ వారి అద్దాల బీరువాలోనే ఉండిపోయాం. ఇప్పుడు రోవర్స్ ఆటగాళ్లకు నెలజీతాలిచ్చే పెద్ద క్లబ్బు. అయినా దాని విజయాల పట్టికలో చెప్పుకోదగ్గ కప్పు ఇప్పటికీ ఇదొక్కటే.

రోవర్స్‌లో ఒక ఆచారం ఉంది. కప్పు గెలిచాక, బయటివాళ్లెవరూ లేకుండా మైదానం పక్కన జట్టు డేరా తెర దించేసి, గెలిపించిన గోలు కొట్టినవాడి నెత్తిన కప్పు మూత పెడతారు. జట్టంతా చుట్టూ నిలబడి పదకొండు దాకా లెక్కపెడుతుంది. అంతసేపూ వాడు కదలకూడదు. ఇంకెవరి నెత్తినా మూత పెట్టకూడదు, ప్రెసిడెంటైనా సరే. ఈ ముచ్చట బయటికి చెప్పుకోవడమూ నిషేధమే.

గోడ మీది పట్టికలో 'విజయ గోలు: ధనంజయ ముదలియార్' అని బంగారు రంగు అక్షరాలున్నాయి. చదివినవాళ్లు చప్పట్లు కొడతారు. నేను మాత్రం ధనంజయ నెత్తి ఎక్కనే లేదు.

ఆ రోజు ధనంజయ మోకాలు వాచి డేరాలో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. అతని తొమ్మిదో నంబరు జెర్సీ వేసుకుని, అతని పేరుతో ఆడింది స్నేహితుడు బాలనర్సు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అక్కడి జట్టులో పేరు నమోదైనవాడు మరో క్లబ్బుకు ఆడకూడదు. అందుకని మీసం గీయించి దింపారు. ఆట ఇంకా రెండు నిమిషాలుందనగా గోలు కొట్టాడు. డేరాలో నన్ను అతని నెత్తిన పెట్టి ఎవరో పైనుంచి ఒక్కటి చరిచారు. మర నేరుగా నడినెత్తిలో దిగింది. చెవి వెనక నెత్తురు కారుతున్నా పదకొండు దాకా ఆ పిల్లవాడు కదల్లేదు. పైగా నవ్వుతున్నాడు. మర్నాడు రంపపు బ్లేడుతో ఆ మర కోసేశారు.

బ్లూస్ వారికి అనుమానం ఇంకా చావలేదు. ఆ రోజు తొమ్మిదో నంబరు ఎవరని ఏడాదికో ఉత్తరం రాస్తారు. రుజువైతే రోవర్స్ పట్టికలోంచి ఆ కప్పు కొట్టివేస్తారు. నేను ముషీరాబాదు పోవాలి.

నిరుడు ధనంజయ పోయాడు. ఆయన కొడుకు మనోహరే ఇప్పుడు సెక్రటరీ. క్లబ్బు రికార్డులన్నీ పుస్తకంగా వేస్తున్నాం, పాతవాళ్లు రండని పేపర్లో ప్రకటించాడు. ఒకరోజు పొద్దున గుడ్డసంచితో ఒక బట్టతల ముసలాయన వచ్చాడు. ముఖం చూసి పోల్చుకోలేదు నేను. తల వంచి చెప్పులు విప్పుకుంటుంటే ఆ నడినెత్తి చూసి గుర్తుపట్టాను, బాలనర్సే.

గోలు సంగతి ఎవరికీ చెప్పనని ధనంజయకు ఇచ్చిన మాట కోసం ఇన్నేళ్లు నోరు మూసుకున్నాడు. ఇప్పుడు మాట తీసుకున్నవాడే లేడు. గోలు నాదని అడగడానికే వచ్చాడనుకున్నాను. ఆ సంచీ చూస్తే, నన్ను అందులో వేసుకుపోతాడని కూడా అనుమానం వచ్చింది.

మనోహర్ అనుమానం ఇంకో రకం. ఈయన్ని బ్లూస్ వాళ్లు పంపారేమోనని ఎవరు, ఎక్కడివారు, ఎవరు చెబితే వచ్చారని అడిగిందే అడిగాడు. ముసలాయన పేరు చెప్పి, మీ నాయన దోస్తునన్నాడు. మూత ఒక్కసారి చూసి పోతానన్నాడు. మనోహర్ చాలాసేపు ఆయన ముఖంలోకి చూసి, బీరువా తాళం తీశాడు.

"కాకా, మా నాయన బతికినన్ని రోజులు ఈ మూతను ఒక్కసారి ముట్టలే. కప్పును ముట్టిండు గానీ దీన్ని ముట్టలే. గోల్ ఎవరు కొట్టిన్రు?"

"మీ నాయనే కొట్టిండు బిడ్డా. నేను గ్రౌండు గోడ మీద కూసోని సూసిన."

ఎంత సుళువుగా చెప్పాడో. ఎన్నడైనా తనను ఈ ప్రశ్న అడిగితే ఏం చెప్పాలో ఏళ్లతరబడి వల్లె వేసుకున్నట్టున్నాడు. నాకు సిగ్గేసింది. సంచిలోంచి విభూతి పొట్లం, మెత్తటి గుడ్డ తీశాడు. నల్లబడ్డదని గొణుక్కుంటూ నన్ను ఒళ్లో పెట్టుకుని తోమడం మొదలుపెట్టాడు. పైన తోమాడు. ఆ తర్వాత చూడకుండానే వేలు లోపలికి పోనిచ్చి, సరిగ్గా ఆ తెగిన మర మీద ఆపాడు.

"ఈడ మర ఉండె గదా. ఎప్పుడు కోసేసిన్రు?"

అని నాలుక కరుచుకున్నాడు. గోడ మీద కూర్చున్నవాడికి మూత లోపలి మర సంగతి ఎలా తెలుస్తుంది? మనోహర్ ఆ బట్టతల వైపు చూశాడు. నడినెత్తిన పెసరగింజంత తెల్లటి మచ్చ ఉంది.

అప్పుడు మనోహర్ లేచి, తలుపు గడియ పెట్టి, నన్ను రెండు చేతులా అందుకున్నాడు.

"వద్దు బిడ్డా, ఆచారం తప్పుతది."

"తప్పది కాకా. లేసి నిలబడు."

యాభై ఏళ్ల తర్వాత మళ్లీ అదే తల. మచ్చ మీద నా తెగిన మర నిమ్మళంగా కూర్చుంది. మనోహర్ ఒక్కడే ఒకటీ రెండూ అని లెక్కపెట్టాడు. ముసలాయన కళ్లు కారుతున్నాయి గానీ పదకొండు దాకా తల కదల్లేదు.

పుస్తకం వచ్చింది. రికార్డుల పేజీలో విజయ గోలు ధనంజయ ముదలియార్‌దే. బ్లూస్ వారు కళ్లద్దాలు పెట్టుకుని అక్షరం అక్షరం వెతికారట. వాళ్లకు దొరికింది ఏమీ లేదు. చివరి పేజీలో మాత్రం, మూత నెత్తిన పెట్టుకున్న ఒక ముసలాయన ఫొటో ఉంది, ఆ రోజు మనోహర్ తీసింది. కింద 'దక్కన్ కప్పు మూతతో బాలనర్సు' అని ఒక్క ముక్క. మా ఆచారం తెలియనివాళ్లకు అది ఉత్త ఫొటోనే.

ఎవరినీ నమ్మవద్దనే ఇప్పటికీ నా మాట. కానీ ఆ ఫొటో చూసిన పాత రోవర్స్ ఆటగాళ్లు ఒక్కొక్కరే వచ్చి నా బీరువా ముందు నిలబడతారు. పైకేమీ అనరు. పెదవులు మాత్రం కదులుతుంటాయి, పదకొండు దాకా.